మొదటి వరుసలో పేరు

శనివారం పొద్దున కుందుజ్ తూము దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ అప్పటికే నలుగురు భుజాన పారలు వేసుకుని పోట్లాడుకుంటున్నారు. పోట్లాట నీళ్ళ గురించే. జూన్ నెలలో మా ఊళ్ళో ఇంక దేని గురించీ పోట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు. మంచుకొండల మీంచి దిగే కాలువ ఒకటే, దాని మీద ఆధారపడ్డ ఇళ్ళు నలభై మూడు. ఎవరి బంగాళాదుంప మడికి ఏ గంటకి నీళ్ళు వస్తాయో రాసిన జాబితా వారం వారం అంగడి తలుపుకి అంటిస్తారు. ఈ వారం జాబితాలో ఊరి చివరి తూముకి మొదటి వంతు, మొదటి తూముకి ఆఖరి వంతు పడ్డాయి.

"ఎండిన కాలువలో నీళ్ళు కిందిదాకా పాకడానికే రెండు గంటలు పడుతుంది. అక్కడికి చేరేది బురదే!" అని అరుస్తున్నాడు ఒకాయన.

"ఇదేంటి కుందుజ్, ఇట్టా రాశావ్?" అంది పక్కనున్న ఆవిడ.

"నేను రాయలేదు వదినా. ఈసారి ఎర్జాన్ రాశాడు."

"ఛైర్మన్ బావమరిది కొడుకా? వాడికి కంప్యూటర్ సర్టిఫికెట్ ఉందన్నారుగా!"

"వాడికి సర్టిఫికెట్ ఉంది, మనకి నీళ్ళు లేవు," అన్నాడు అరిచినాయన.

కుందుజ్ పార గట్టున గుచ్చి, చెప్పులు విడిచి కాలువలోకి దిగింది. గీతలు గీసిన కర్ర ఒకటి ఆమె ఎప్పుడూ వెంట తెచ్చుకుంటుంది. దాన్ని నీళ్ళలో నిలబెట్టి లోతు చూసింది. గట్టెక్కి, తడి చేతులు పావడాకి తుడుచుకుని ఫోను తీసింది. ఎర్జాన్ చేసిన పొరపాటు ఆమెకి ఒక్క చూపులో అర్థమైంది. పేర్లని మాత్రం అక్షరక్రమంలో పెట్టి, పక్కనున్న గంటల్ని ఎక్కడివక్కడ వదిలేశాడు. నీళ్ళకి అక్షరాలు తెలియవు, పల్లం ఒక్కటే తెలుసు.

రెండేళ్ళ కిందట ఇదే గట్టు మీద ఇద్దరు మగాళ్ళు పారలతో తలలు పగలగొట్టుకున్నప్పటి నుంచి ఈ జాబితా కుందుజ్ రాస్తోంది. మొదట్లో పుస్తకంలో రాసేది. కిందటేడు రాజధానిలోని ఒక సంస్థవాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా చెప్పిన కంప్యూటర్ చదువు ఎనిమిది నెలలు చదివి, నీటి లోతు, మడి వైశాల్యం, దారిలో ఇంకిపోయే నీళ్ళు అన్నీ లెక్కగట్టే ప్రోగ్రాం తనే తయారుచేసుకుంది. ఈ వసంతంలో నీళ్ళ సంఘానికి జీతమిచ్చే కంప్యూటర్ ఉద్యోగం ఒకటి మంజూరైంది. అది ఎర్జాన్‌కి వెళ్ళింది.

ఛైర్మన్ అసనాలి తన పాత కారులో వచ్చేసరికి కొత్త జాబితా సిద్ధంగా ఉంది.

"బతికించావమ్మా," అన్నాడు ఫోను చూసి. తర్వాత ఆమె మొహం చూడకుండా, కారు అద్దం తుడుస్తూ అన్నాడు, "వాడో దద్దమ్మని నాకు తెలీదనుకున్నావా? కానీ వాడి కాగితం ఫైల్లో ఉంది. జిల్లా నుంచి వచ్చేవాళ్ళు ఫైలు చూస్తారు గానీ కాలువ చూడరు. ఈ నెలాఖరు లోపల నీ కాగితం పట్రా, కుర్చీ నీది. నామీద ఒట్టు."

కుందుజ్ దగ్గర చదువు ఉంది గానీ కాగితం లేదు. చదువు ఉచితమే. చదివినట్టు సర్టిఫికెట్ కావాలంటే మాత్రం వీడియోలో పరీక్ష ఇవ్వాలి, దానికి పదకొండు వేల సోమ్‌లు కట్టాలి.

"పదకొండు వేలు!" అంది అత్త సాల్కిన్, ఆవు పొదుగు కడుగుతూ. డెబ్భై రెండేళ్ళ ఆవిడకి ఏ ధరైనా గొర్రెల్లోకి మారిస్తే గానీ బుర్రకెక్కదు. "అంటే మన గోధుమరంగు పొట్టేలు. విందు ఉచితంగా పెట్టి, తిన్నావని రాసివ్వడానికి పొట్టేలు అడుగుతారా వీళ్ళు?"

"అంతే అత్తమ్మా."

"ఆ కాగితానికి ఉన్ని వస్తుందా?"

"రాదు అత్తమ్మా."

"పోనీ చలికాలం కప్పుకోవచ్చా?"

"చిన్నది అత్తమ్మా. ఇంతే ఉంటుంది," అని కుందుజ్ చేతులతో కొలత చూపించింది.

సాల్కిన్‌కి నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చి, ఆవుని ఒకటి చరిచింది. ఆ పొట్టేలుని కుర్బాన్ పండక్కి కోయాలని శీతాకాలమంతా గుగ్గిళ్ళు పెట్టి పెంచింది. కుందుజ్ మొగుడు ఉలార్ కూతుర్ని వెంటబెట్టుకుని మందతో కొండమీది వేసవి మేతకి వెళ్ళాడు. వాళ్ళు దిగొచ్చేదాకా ఇంట్లో మిగిలేది ఈ ఇద్దరాడవాళ్ళూ, ఒక ఆవూ, ఆ పొట్టేలూ.

మధ్యాహ్నం సాల్కిన్ టీపొడి కోసం అంగడికి వెళ్ళింది. అంగడి తలుపు మీద కొత్త జాబితా అంటించి ఉంది. అది కోడలు రాసిన జాబితా అని ఆవిడకి తెలుసు, గట్టు మీదే రాసిచ్చొచ్చానని పొద్దున కోడలే చెప్పింది. అడుగున మాత్రం గుండ్రటి ముద్ర, దాని పక్కన 'తయారుచేసినది: ఎర్జాన్' అని ఉంది. సాల్కిన్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. టీపొడి కొనకుండానే ఇంటికొచ్చి, తిన్నగా దొడ్లోకి వెళ్ళి పొట్టేలు మెడకి తాడు కట్టింది.

"అత్తమ్మా, పండగో?" అంది కుందుజ్ వెనకాలే వచ్చి.

"ఈ ఏడు ఇరుగుపొరుగు పంపిన మాంసం తిందాం. నోర్మూసుకుని రేపు పొద్దున్నే మీ ఆయన కోటు తొడుక్కుని నాతో కరాకోల్ సంతకి రా."

సంతలో బేరగాడు వంగి పొట్టేలు లావాటి కొవ్వుతోకని అరచేత్తో ఎత్తి బరువు చూశాడు. పెదవి విరిచాడు. సాల్కిన్ అతని చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"పెదవి విరవకు నాయనా. మా కోడలి కన్నా దీనికే ఎక్కువ తిండి పెట్టాను."

"అది కనపడుతూనే ఉంది పెద్దమ్మా," అన్నాడతను కుందుజ్‌ని చూసి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తర్వాత ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ధర కుదిరేదాకా వదలకుండా ఊపుకుంటూ నిలబడ్డారు. పొట్టేలు వెళ్ళిపోతుంటే సాల్కిన్ అటు చూడలేదు. దారిలో బస్సులో మాత్రం ఒక్కసారి అడిగింది, "పరీక్ష కష్టంగా ఉంటుందా?"

"ఉండదు అత్తమ్మా. అంతా నేను చేసిందే కదా."

నిజంగానే కుందుజ్‌కి భయం లేదు. ఆ సాయంత్రం డబ్బు కట్టి, తన ప్రోగ్రాంతో పాటు నలభై మూడు ఇళ్ళ జాబితా కూడా పంపింది. ఒకసారి పంపాక అందులో అక్షరం మార్చడానికి వీల్లేదని తెర మీద కనపడితే, మార్చాల్సిన అవసరం ఏముందిలే అనుకుంది.

జాబితాలో మొదటి వరుస వాళ్ళ ఇల్లే. మొదటి తూము వాళ్ళది. పొలం ఇంకా మూడేళ్ళ కిందట చనిపోయిన మామగారి పేరు మీదే ఉంది. తెమిర్కుల్. మా వైపు కోడళ్ళు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకరు. తెమిర్ అంటే ఇనుము కాబట్టి కుందుజ్ పదకొండేళ్ళుగా ఇనుముని కూడా 'నల్లది' అనే అంటోంది. అంగడికి వెళ్ళి చిన్న నల్లవి పావు కిలో ఇమ్మంటే అంగడివాడు మారుమాట్లాడకుండా మేకులు తూస్తాడు. రాయడానికి మాత్రం అడ్డు లేదు. వేళ్ళకి ఆ నియమం ఎవరూ పెట్టలేదు. అందుకే ఆ పేరు ఆమె కొన్ని వందల సార్లు రాసింది, ఒక్కసారి కూడా పలకలేదు.

సోమవారం పదింటికి పరీక్ష. గదిలో ఒంటరిగా ఉండాలి, రెండో మనిషి గొంతు వినపడితే పరీక్ష రద్దు అని నియమం. అత్తని గదిలోంచి పొమ్మనడం ఎట్లా? ఏ కోడలికైనా నోరు వస్తుందా? కుందుజ్ పొద్దుట్నించీ చుట్టూ తిరిగి చెప్పి చూసింది.

"అత్తమ్మా, మీకు దొడ్లో పనేమన్నా ఉందేమో?"

"లేదే."

"పక్కింటావిడ మీ కోసం అడిగింది."

"అడగనీ. ఆవిడకి పనేముంది." సాల్కిన్ పొయ్యి పక్క తన చోట కూచుని కదురు తీసింది. "నా పొట్టేలు దేనికి పోయిందో నేను చూడొద్దా? మాట్లాడనులే. గోడని అనుకో."

"గదిలో మీరు ఒంటరిగానే ఉన్నారా?" అని తెర మీంచి పరీక్షకురాలు అడిగింది. ముప్పై దాటని మనిషి, మొహంలో అలసట.

"ఒంటరిగానే ఉన్నాను," అంది కుందుజ్. తెరకి కనపడని పొయ్యి మూల కదురు తిరగడం ఆగిపోయింది.

ఇరవై నిమిషాలు బాగానే గడిచాయి. ఎండిన కాలువలో ఎంత నీరు ఇంకుతుందో ఎట్లా లెక్కవేశావని అడిగితే, గీతల కర్ర సంగతీ, దాన్ని కాలువ పొడుగునా పన్నెండు చోట్ల నిలబెట్టి చూసిన సంగతీ చెప్పింది. పరీక్షకురాలు మొదటిసారి తలెత్తి ఇష్టంగా చూసింది. "బాగుంది. ఇప్పుడు మీ జాబితాలో మొదటి ఐదు వరుసలు గట్టిగా చదవండి. మొదటి ఇంటికి మూడు గంటల నీళ్ళు ఎందుకొచ్చాయో చెప్పండి."

కుందుజ్ నోరు తెరిచింది.

"మొదటి వరుస... పెద్దింటివాళ్ళు," అంది.

"అలా రాసి లేదండీ."

"మా మామగారు."

"అలా కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు చదవండి. ఈ జాబితా మీరు తయారుచేసిందా, ఎవరైనా చేసిస్తే పట్టుకొచ్చారా అని తెలియాలి నాకు. చదవకపోతే సున్నా వెయ్యాలి. ఇందులో సున్నా వస్తే మిగతావి ఎంత బాగున్నా పాస్ కారు."

ఆ అక్షరాలు కుందుజ్ కళ్ళ ముందే ఉన్నాయి. పలికితే మాత్రం తల మీది కొంగు ఎవరో లాగేసినట్టు ఉంటుంది. ఆ మనిషి బతికున్న ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు కూడా ఆమెని కోడలా అని పిలవలేదు, బిడ్డా అనే పిలిచాడు.

"తెమిర్కుల్."

పొయ్యి దగ్గర్నించి వచ్చిందా మాట. పొడిగా, దగ్గులాగా. సాల్కిన్ ఇంకా గట్టిగా అంది, "ఆ పేరు తెమిర్కుల్. నా ఇంటాయన. ఆ జాబితా రాసింది నా కోడలే. వేరే ఎవడూ రాయలేదు."

కుందుజ్ అటు తిరిగి చూసింది. యాభై ఏళ్ళ కాపురంలో గానీ, ఆయన పోయిన ఈ మూడేళ్ళలో గానీ అత్త ఆ పేరు అనగా ఆమె కాదు కదా, ఊళ్ళో ఎవరూ వినలేదు. పాడె లేచిన రోజున కూడా ఆవిడ 'మా ఇంటాయనో' అనే ఏడ్చింది. ఇప్పుడు ఒళ్ళో కదురు పెట్టుకుని, తనేం చేసిందో తనకే తెలియనట్టు కూచుంది.

"గదిలో రెండో మనిషి ఉన్నారు," అంటోంది తెర. "నియమం ప్రకారం ఈ పరీక్ష రద్దు చేస్తున్నాను." తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్క అవకాశం ఇంకా ఉంటుంది, మళ్ళీ కట్టక్కర్లేదు. శుక్రవారం పదింటికి. అదే జాబితా, అదే ప్రశ్న. ఆ ప్రశ్న తీసేయడం నా చేతుల్లో లేదు. గది ఖాళీగా ఉండేట్టు చూసుకోండి."

తెర నల్లబడింది. సాల్కిన్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా నోరు పడిపోనూ. పొట్టేలు పోయినట్టేనా?"

"పోలేదు అత్తమ్మా. శుక్రవారం ఉందిగా."

"నువ్వట్టా గొంతుకి ముల్లు అడ్డంపడ్డట్టు కూచుంటే చూడలేకపోయాను."

కుందుజ్‌కి కోపం రావాల్సిన సమయం అది. రాలేదు. లేచి టీ కలిపింది, మీగడ గిన్నెలో అడుగున మిగిలిందంతా అత్త కప్పులోనే వేసింది. తన కోసం ఈ ముసలమ్మ ఏం చేసిందో తల్చుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది, ఏడుస్తే మళ్ళీ అత్త తిట్టుకుంటుందని పొయ్యిలో పుల్లలు సర్దుతూ కూచుంది.

మంగళవారం పాలు పితికే వేళకి సాల్కిన్ తేరుకుంది. తేరుకోవడమే కాదు, పని పెట్టుకుంది. ఆవుకి అటు కోడలు, ఇటు అత్త.

"ఊఁ, అను."

"అత్తమ్మా, నా వల్ల కాదు."

"నిన్న నేనన్నాను. ఇంటి కప్పు కూలిందా? ఆవు ఎండిపోయిందా?"

"మీరు భార్య. నేను కోడల్ని."

"ఓహో, నాకు సిగ్గు తక్కువనా?"

"అయ్యో, అట్టా అన్నానా!"

"మరి అను. మొదటి ముక్క అను చాలు. తె..."

కుందుజ్ "తె..." అంది. రెండో ముక్క పాలధారలో కలిసిపోయింది. బుధవారం పొలంలో మొదటి తూము ఎత్తుతూ మళ్ళీ ప్రయత్నించింది. పక్కన ఎవరూ లేరు, నీళ్ళు గలగలమంటున్నాయి. అయినా నోరు రాలేదు. పార విసిరేసి ఇంటికొచ్చి చెప్పేసింది.

"వద్దత్తమ్మా. ఆయన్ని పేరు పెట్టి పిలిచి తెచ్చుకునే కాగితం నాకొద్దు. ఉద్యోగమూ వద్దు. జాబితా ఎప్పట్లాగే ఊరికే రాసిస్తాను."

"రాయి, రాయి. కింద ఎర్జాన్ సంతకం పెడతాడు." సాల్కిన్ పిండి చేతులు దులుపుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. "నా పొట్టేలు పోయిందని కాదే నా బాధ. నువ్వు మోకాలిలోతు మంచునీళ్ళలో నిలబడతావు, వాడు ముద్ర కొట్టించుకుంటాడు. ఆ ముద్ర చూసి మనూళ్ళో ఆడపిల్లలు ఏం నేర్చుకుంటారు? ఆ కాగితం కప్పుకోవడానికి పనికిరాదన్నానా? తప్పన్నాను. పనికొస్తుంది."

"మరి మామగారు ఏమనుకుంటారు?"

"పొద్దున సమాధి దగ్గరికి వెళ్ళి అడిగాను."

"ఏమన్నారు?"

"ఏమంటాడు? బతికున్నప్పుడే ఏమీ అనేవాడు కాదు." సాల్కిన్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రొట్టె పెట్టి, గడ్డి పీకి వచ్చాను. ఆయనకి చెవుడు వచ్చి చివరి రెండేళ్ళూ ఎవరి మాటా వినపడలేదు. కోడలు పిల్ల కాస్త గట్టిగా పిలిస్తే సంతోషిస్తాడనే అనుకున్నాను."

గురువారం రాత్రికి కూడా కుందుజ్ ఆ పేరు పూర్తిగా పలకలేకపోయింది. సాల్కిన్ ఇంక అడగలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి సాల్కిన్ తనంతట తానే పాలు పితికే చిన్న పీట పట్టుకుని గది దాటింది. పై పొలందాకా వెళ్తానని చెప్పింది. కుందుజ్ మొహానికి వెలుతురు పడేట్టు తెరిచిన కిటికీకి ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకుని కూచుంది. కిటికీలోంచి చూస్తే అత్త పై పొలందాకా పోలేదు. వాకిట్లోంచి పారే పిల్లకాలువ గట్టునే పీట వేసుకుని, ఇంటికి వీపు పెట్టి కూచుంది.

"గదిలో ఒంటరిగా ఉన్నారా?"

"ఒంటరిగా ఉన్నానండీ." ఈసారి అది నిజం. ఆ నిజం కుందుజ్‌ని భయపెట్టింది.

లెక్కల ప్రశ్నలు అయిపోయాయి. పరీక్షకురాలు కాగితాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, "మొదటి ఐదు వరుసలు," అంది. తొందరపెట్టలేదు.

కుందుజ్ తల మీది కొంగు సరిచేసుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పెద్దవాళ్ళ ముందు ఎలా కూచోవాలో అలా నిటారుగా కూచుని, చెవుడున్న మనిషికి వినపడేంత గట్టిగా చదివింది.

"తెమిర్కుల్. మొదటి తూము. మూడు గంటలు."

బయట సాల్కిన్ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. కొంగు నుదుటి మీదికి లాక్కుంది. గేటు వైపు తిరిగింది. మామగారు పొలం నుంచి వస్తున్న అలికిడి అయితే ఆవిడ ప్రతి సాయంత్రం అలాగే లేచేది. కాపురానికొచ్చిన మొదటి ఏడు అది చూసి కుందుజ్ కూడా లేవడం నేర్చుకుంది. గేటు దగ్గర ఎవరూ లేరు.

కుందుజ్ మళ్ళీ తెర వైపు తిరిగింది. రెండో వరుస చదివింది. మూడు, నాలుగు, ఐదు చదివింది. మొదటి ఇంటికి మూడు గంటలెందుకో చెప్పింది. అందులో పై మడి రాతినేల, అక్కడ నీళ్ళు ఎక్కువ ఇంకుతాయి, ఆ రాళ్ళని ఏరి గట్టు కట్టినాయన ఆ సంగతి తనకి చెప్పాడు అంది.

"చాలు," అంది పరీక్షకురాలు. "పాసయ్యారు. సర్టిఫికెట్ పది రోజుల్లో వస్తుంది." తర్వాత, "నా అత్తింట్లోనూ ఉన్నాయి అట్లాంటి పేర్లు," అని తెర ఆపేసింది.

కుందుజ్ వెంటనే లేవలేదు. బయటికి పరిగెత్తి అత్తకి చెప్పాలని ఉంది గానీ, కిటికీలోంచి అలాగే చూస్తూ ఉండిపోయింది. సాల్కిన్ గేటు వైపు మొహం పెట్టి ఇంకా నిలబడే ఉంది.